సార్ నాకు చెప్పలేదన్నాను

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. చెప్పిన ప్రతిసారీ అది ఇంకొంచెం బరువెక్కింది. మా ఇంట్లో కథలు చెప్పేది నేనే, నేను చెప్పిందే నిజం. అందుకే వాళ్లతో చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు. మీతో చెప్పగలను.

తిరుత్తణి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబులు ఊడ్చి, తాళాలు వేసే పని నాది. చదువు నాలుగో తరగతి దాటలేదు. కానీ ఒకసారి విన్నది మరిచిపోను. ఎవరు ఏ రోజు ఏమన్నారో ప్రిన్సిపాల్ కూడా నన్నే అడిగేవాడు.

ఆ ఏడు కడంబత్తూరు నుంచి రోజూ రైల్లో ఒక కుర్ర సార్ వచ్చేవాడు. పదహారు కంప్యూటర్లను కలిపి ఒకే పెద్ద లెక్క చేయించడం ఆఖరి ఏడాది పిల్లలకు నేర్పేవాడు. ఒక మధ్యాహ్నం నేను మల్లెపూలు కడుతుంటే క్లాసులోకి పిలిచాడు. పూలను నాలుగు భాగాలు చేసి, నాకూ ముగ్గురు ఆడపిల్లలకూ ఇచ్చి కట్టమన్నాడు. నలుగురం కట్టినా పని పావు సమయంలో కాలేదు. ముక్కలన్నీ ముడివేసి ఒక్క దండ చేయడం నాకొక్కదానికే వచ్చు. అందరూ నా కోసం కాచుకుని కూర్చున్నారు.

"అట్లయితే అక్కే స్లో మిషన్, సార్!" అన్నాడు వెనక నుంచి ఒకడు. క్లాసంతా గొల్లుమంది. సార్ కూడా నవ్వాడు.

నవ్వి ఇంకో మాట అన్నాడు. "ఆ యక్క లేకుంటే మీ చేతుల్లో ఉండేవి తునకలేరా, దండ కాదు."

ఆ మాట విన్నాను. విని కూడా నవ్వును మాత్రమే ఇంటికి తీసుకెళ్లాను. ఎందుకు? మంచి మాటను ఉంచుకుంటే కోపానికి చోటుండదనా?

ఆడికృత్తిక పండగకు సెలవిచ్చారు. పిల్లల ప్రాజెక్టు లెక్క నడుస్తోంది, గది వేడెక్కితే అంతా పోతుంది, ఏసీ ఆపొద్దని సార్ నాకు రెండుసార్లు చెప్పి వెళ్లాడు. తాళం వేసేముందు ఆపాను. ఇప్పుడెవరు స్లోనో చూద్దాం అనుకుంటూ మెట్లు దిగాను.

సెలవు తర్వాత తలుపు తీస్తే మాడిన వాసన. పిల్లల మూడు నెలల పని పోయింది. ఒక పిల్ల నేలమీద కూర్చుని ఏడ్చింది, నేనే నీళ్లిచ్చాను. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి అడిగాడు. సార్ నాకు చెప్పలేదన్నాను. ఇంకెవరినీ అడగలేదు. నా జ్ఞాపకం మీద అంత నమ్మకం. ఆ వారమే సార్‌ను పంపేశారు.

పుస్తకాలు సంచిలో సర్దుకుని ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నీకు నేను చెప్పినాను గదా?"

"యాడ చెప్పినావు సామీ? చెప్పుంటే నేను మరుస్తానా?"

సంచి భుజానికి తగిలించుకున్నాడు. "అయితే నేనే మరిచిపోయినానేమోక్కా. పండగ తొందర. నీకైతే గుర్తు తప్పదు గదా."

నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఆయన తననే అనుమానించుకుంటూ వెళ్లాడు. ఒక మనిషి ఉద్యోగం లాక్కోవడం ఒక ఎత్తు, తన మాట మీద తనకున్న నమ్మకాన్ని కూడా లాక్కోవడానికి నాకు చేతులెలా వచ్చాయి?

ఇప్పుడు ఆ పాఠం బోర్డు మీదే చెబుతారు. కొత్త సార్లు ఆ సంగతి అడిగితే, పాపం మతిమరుపు మనిషి అని పొల్లుపోకుండా అదే కథ చెబుతాను. ఆయన ఎక్కడున్నాడో వెతకలేదు. క్షమించమని అడిగితే క్షమిస్తాడేమోనని భయం.

ఈ ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. సార్ చెప్పాడు. రెండుసార్లు. నేను విన్నాను. వినే, ఆపాను.