నాలుగు తాళాల షెడ్డు

ఆ రోజుల్లో దుబాయ్ పోయొచ్చినవాడు ఊళ్లో దిగితే ముందు టేప్ రికార్డర్ చూపించేవాడు, తర్వాత సెంటు సీసా. నేను చూపించింది ఇత్తడి తాళం, అరచేయంత. (మా ఆవిడ ఇప్పటికీ దాన్ని ఆవకాయ జాడీ మూత మీద బరువుకు పెడుతుంది.) డెబ్భైల చివర్లో, ఇరవై రెండేళ్ల వయసులో, షార్జాలో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్ కీపర్‌గా ఉన్నప్పుడు నాకు తాళాల పిచ్చి పట్టింది. దాన్ని బాధ్యత అనుకున్నాను. మా జిల్లా వాళ్లంతా పార పడుతుంటే నా ఒక్కడి చేతికి రిజిస్టరు వచ్చింది, పొగరు రాకుండా ఎలా ఉంటుంది?

సైటు పక్కన ఇసుకలో రేకుల షెడ్డు వేయించే పని ముదీర్ నాకే అప్పగించాడు. (మేనేజరును అక్కడ అలాగే అనేవాళ్లం.) ఇనుప చట్రానికి రేకులు బిగించేటప్పుడు బోల్టు తల బయటికీ, నట్టు లోపలికీ ఉండాలి. అంటే మనిషి లోపల నిలబడి పానాతో తిప్పాలి. ఆగస్టు నెల, రేకుల లోపల అయిదు నిమిషాలుంటే ఒళ్లు ఉడికిపోయేది. మావాళ్లు నలుగురూ లోపట సావాల్నా ఏంది అని గొణిగితే, సరే, నట్లు బయటికే పెట్టండి, బిగింపు ఎటునుంచైనా బిగింపే కదా అన్నాను. పూట తిరిగేసరికి పని ఖలాస్. అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు, అందరికంటే ఎక్కువగా నేను మెచ్చుకున్నాను. ఏం చేశానో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు మాత్రం ఏడాది పట్టింది.

గోడ సంగతి అలా వదిలేసి, తలుపు మీద పడ్డాను. సూక్‌లో, అంటే అక్కడి బజార్లో, దొరికిన పెద్ద తాళాలు నాలుగు తెచ్చి వరసగా వేశాను. రెండింటి చెవులు నా మొలతాడుకు, రెండు చాచా దగ్గర. ఒక్కడే తెరవకూడదని నా రూలు. చాచా కడప నుంచి వచ్చిన వడ్రంగి, నా తండ్రి వయసువాడు, ఆ కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. నేను క్యాంపులో దిగిన వారం జ్వరమొస్తే గంజి కాచి పోసింది ఆయనే. ఆయనకు ఒకటే ఆశ, కొడుకును కూడా తెచ్చుకోవాలని. వచ్చే నెల వీసా తీస్తానని ముదీర్ మాటిచ్చాడు. కొడుకు ఫోటో చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు, చూసినవాళ్లకే మళ్లీ చూపించేవాడు. క్యాంపులో నాకు తాలా సాబ్ అని పేరు పెట్టారు. కంపెనీ పికప్‌ను కూడా గొలుసుతో షెడ్డు ముందున్న గుంజకు కట్టించాను. మర్నాడు పొద్దున డ్రైవరు ఆ గొలుసు సంగతి మరిచి, యల్లా అంటూ బండి తీశాడు. గుంజ ఊడి, ఇసుకలో దొర్లుతూ రోడ్డు దాకా వెంట పోయింది. వారం రోజులు అందరూ నవ్వారు. నాకు బుద్ధి రాలేదు, ఇంకాస్త లావు గుంజ పాతించాను.

ఒక శనివారం పొద్దున నేనూ చాచా నాలుగు తాళాలూ తీసి లోపలికి పోతే రెండు డ్రిల్లింగ్ మిషన్లు, రాగి కేబుల్ చుట్టా లేవు. తాళాల మీద గీత కూడా పడలేదు. ముదీర్ వచ్చి తాళాలను చూశాడు, మమ్మల్ని చూశాడు. చెవులు ఎవరెవరి దగ్గర ఉంటాయని అడిగాడు. నా చెవులు మొలతాడు విడిచిపోలేదని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. చాచా నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, వజూకు పోయేటప్పుడు తన చెవులు గదిలో మేకుకు తగిలిస్తాడని కూడా చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు. చాచా నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆయన వీసా క్యాన్సిల్ అని, మంగళవారం విమానమని చెప్పారు. కొడుకు వీసా మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రమే నీడ కోసం షెడ్డు వెనక్కి పోయాను. ఒక రేకు నట్లు మాత్రం తుప్పు రాలి, పానా గీతలతో మెరుస్తున్నాయి. వేలితో తిప్పితే తిరిగాయి. దొంగ ఎవడో శుక్రవారం సెలవు పూట తీరిగ్గా రేకు విప్పి, పని చూసుకుని, మర్యాదగా మళ్లీ పెట్టిపోయాడు. తలుపుకు ఎన్ని తాళాలున్నా వాడికేం పని? పరుగెత్తి పానా తెచ్చాను. తెచ్చి, ముదీర్‌ను పిలవలేదు. నట్లు గట్టిగా బిగించి, చేతులు కడుక్కుని, క్యాంపుకు పోయి అన్నం తిన్నాను.

మంగళవారం చాచా పెట్టెను పికప్ దాకా నేనే మోశాను. ఆ మాత్రం సాయం చేస్తే పాపం తగ్గుతుందని కాబోలు. ఆయన తన రెండు చెవులూ నా చేతిలో పెట్టి, “ఆ నట్లు లోపలికి తిప్పిచ్చు నాయనా. ఈసారి ఏమన్నా పోతే నిన్నే అడుగుతారు,” అన్నాడు.

“నీకెట్ల తెలుసు చాచా?”

“నువ్వు పానా తీసుకోని ఎనక్కి పోయినప్పుడే చూసినా.”

“మరి ముదీర్‌తోని ఎందుకు చెప్పలే?”

“మూడు దినాలుగా నువ్వు చెప్తావేమోనని చూసినా,” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. బండెక్కి కూచున్నాడు.

ఆ శుక్రవారం నేనొక్కణ్ణే ఆ రేకుల లోపల నిలబడి ఒక్కో నట్టూ లోపలికి తిప్పాను. రెండుసార్లు కళ్లు తిరిగాయి. అటుగా వచ్చిన ముదీర్ చూసి, సెలవు రోజు కూడా పనిచేస్తున్నానని భుజం తట్టాడు. నెల తిరక్కుండా నన్ను పెద్ద స్టోరుకు మార్చాడు. అక్కడ ఏడేళ్లు దర్జాగా ఉన్నాను.

ఇప్పుడు ఈ కథ మనవలకు చెబితే గుంజ ఊడిన చోట పడీ పడీ నవ్వుతారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు తాతా అని చిన్నది అడుగుతుంది. నాకు అప్పటికి అరబ్బీ రాదమ్మా అంటాను. దానికి ఆ జవాబు సరిపోతుంది, ఆడుకోవడానికి పోతుంది. నేను ఒక్కణ్ణే కూచుని ఆ ఇరవై రెండేళ్ల తాలా సాబ్‌ను తలుచుకుని నవ్వుకుంటాను. ముదీర్‌కు హిందీ నాకంటే బాగా వచ్చు.