నేలకు తొడిగిన చెడ్డీ

యూనివర్సిటీ తరఫున అమెరికాలోని అయోవా రైతులకు సలహాలు చెప్పే లోర్నా బండిలో ఎప్పుడూ ఒక పార, కొత్త నూలు చెడ్డీల కట్ట ఉంటాయి. ఏ పొలానికి వెళ్ళినా జానెడు లోతున ఒకటి పాతి, రెండు నెలలకు తవ్వి చూపిస్తుంది. నేలలో ప్రాణముంటే నూలంతా చివికిపోయి ఎలాస్టిక్ నడుం పట్టీ ఒక్కటే మిగులుతుంది. రెండు నెలల కిందట ఒక ముసలి రైతు పొలంలో, "ఏటేటా దున్నితే నేల చచ్చిపోతుంది, ఎల్డన్ గారూ," అని ఆమె అంటే, "యాభై ఏళ్ళుగా దున్నుతున్నా. నా నేలకే చెడ్డీ తొడుగుతావా, పిల్లా?" అని ఆ ముసలాయన తోటి రైతులందరి ముందూ నవ్వాడు. తనూ నవ్వి, పాతింది. ఇవాళ తవ్వితే చెడ్డీ చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. లోర్నా మట్టి దులిపి ఆయన చేతిలో పెట్టింది. ఎల్డన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వంగి, తనే మళ్ళీ గుంటలో పెడుతూ గొంతు తగ్గించాడు. "దున్నడం మానేస్తే, వచ్చే ఏడాదికి చివికిపోతుందంటావా?"