కొలత గ్లాసు లేని షెడ్డుకు నేను రాసిన పాఠం

పని నేర్పే పుస్తకాలు రాసే మీరు ఆ పని జరిగే చోటు చూడకుండానే రాస్తున్నారు. కాదనకండి. నేనూ అలాగే రాశాను. అందుకే మొన్న కైకలూరు వెళ్లాల్సి వచ్చింది. అక్కడి రొయ్యల షెడ్డులో, నా శిక్షణ పూర్తిచేసిన మరియమ్మ గారు చేతులు కడిగే తొట్టిలో క్లోరిన్ మందు ఎక్కువ పోశారు. ఆవిడ చేతులు పొక్కాయి. పనికి రావద్దన్నారు. విచారణకు నన్నూ పిలిచారు.

తాడేపల్లిగూడెంలో ఆరింటికి బస్సెక్కి, ఏలూరులో మారి, కొల్లేరు మీదుగా తొమ్మిదిన్నరకు కైకలూరులో దిగాను. దారి పొడుగునా చెరువులే. షెడ్డుకు ఆటో నలభై రూపాయలు.

"పాఠాలు చెప్పే సారాండీ? అయితే ఆఫీసు గది దగ్గర దింపుతాను. మీవాళ్లెవరూ షెడ్డులోకి రారు కదండీ" అన్నాడు డ్రైవరు. నిజమే, నేను చెప్పింది ఏసీ గదిలోనే.

మేనేజరు కాగితం చూపించాడు. "ఇదిగోండి, మీ పాఠం అయ్యాక అర్థమైందని ఆవిడ పెట్టిన సంతకం. తప్పు ఆవిడదేనని మీరూ ఒక సంతకం పెడితే ఫైలు మూసేద్దామండి."

నేను షెడ్డులోకి వెళ్లి చూసి, బయట బల్ల మీద కూర్చున్న మరియమ్మ గారి దగ్గరికి వచ్చాను. చేతులకు కట్లున్నాయి.

"అర్థం కాకపోతే చెప్పాల్సింది కదమ్మా?"

"మీలాంటి పెద్దాయన నిలబడి చెప్పి, అయిందా అని అడిగితే, కాలేదని ఎలా అంటామండీ? బాగోదు కదా."

"మరి మందు ఎలా కొలిచారు?"

"టీ గ్లాసుతోనండీ. మీ పుస్తకంలో గీతలున్న గ్లాసు బొమ్మ బాగుంది. ఆ గ్లాసే మా దగ్గర లేదు."

కార్మిక సంఘం తరఫున ఇరవై ఏళ్లుగా యాజమాన్యాల మీద అరుస్తున్న నేను, ఆ సంతకం తీసుకుని వాళ్ల చేతికి ఆమె మీద సాక్ష్యం ఇచ్చాను. మర్యాదకు చెప్పిన మాటను చదువు అనుకున్నాను. మేనేజరు చూపించిన చోట సంతకం పెట్టలేదు. తప్పు పుస్తకానిదని రాసి, దాని కింద పెట్టాను. "పైవాళ్లకు చూపిస్తామండి" అన్నాడాయన. ఆ చేతులు మాత్రం నా కాగితంతో మానవు.

మీరూ శిక్షణకు వెళ్తుంటే, ఒకరోజు ముందే వెళ్లి షెడ్డులో ఏ గిన్నెతో ఏం కొలుస్తున్నారో చూడండి.

మా డిమాండ్లు ఇవి:

మరియమ్మ గారిని తిరిగి పనిలోకి తీసుకోవాలి.
చేతులు మానేదాకా జీతం ఆపకూడదు.
ప్రతి తొట్టి దగ్గరా కొలత గ్లాసు ఉండాలి.
"అర్థమైంది" సంతకాలు ఆపి, పని చేయించి చూడాలి.
నా పుస్తకాన్ని షెడ్డులోంచి తీసేయాలి.