నా గొంతుతో పామర్రుకి ఫోన్

మా అమ్మమ్మ పామర్రులో ఉంటుంది. ఫోన్ చేస్తే చివర్లో ప్రార్థన చెయ్యకుండా వదలదు. నాకంత ఓపిక లేదు. సగంలోనే "సరే సరే, ఉంటా" అని కట్ చేసేస్తా.

మొన్న వేసవిలో ఆవిడే చేసి, "బండి మీద నుంచి పడ్డావంటగా?" అంది.

"నేనెందుకు పడతా?"

"పొద్దున నువ్వే ఏడుస్తూ చేశావు కదే, కొత్త నంబర్ నుంచి. హాస్పిటల్లో కట్టాలి, డబ్బులు పంపు, అమ్మకి చెప్పకు, మాకు మాటల్లేవు అన్నావు. అచ్చం నీ గొంతే."

"పంపావా?"

"ముందు ప్రార్థన చేశా. చివరిదాకా విని ఆమెన్ అన్నావు. అప్పుడొచ్చింది అనుమానం. పెట్టేశా."

నవ్వాలో తిట్టాలో తెలీలేదు. ఏఐతో గొంతులు తయారు చేస్తారని రీల్స్‌లో చూశా. కానీ అమ్మకీ నాకూ మాటల్లేవని తెలిసింది ఒక్కదానికే. ఇంటర్ నుంచి నాకున్న ఒకే ఒక్క ఫ్రెండ్. కోపమొచ్చినప్పుడల్లా తనకే పొడుగాటి వాయిస్ మెసేజ్‌లు పెట్టేదాన్ని. నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే తన ఫోన్ నుంచే అమ్మమ్మకి చేసేదాన్ని.

తను ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు పైనున్న ఆఫీసులో పనిచేసేది. డేటా ఎంట్రీ అని చెప్పేది. వెళ్ళి మెట్ల దగ్గరికి పిలిచా.

"నువ్వేనా?"

తను కింద ఆగున్న లారీ వైపు చూస్తూ, "మా ఆఫీసు మేడమ్ తెలిసినవాళ్ళ గొంతు ఒకటి తెమ్మందే. అమ్మాయిలందరం తెచ్చాం. నా దగ్గర నీ వాయిస్ మెసేజ్‌లే ఎక్కువున్నాయి," అంది.

"మా అమ్మమ్మే దొరికిందా నీకు?"

"ఏం పోలేదుగా. అరవకే తల్లీ, పైన వింటారు. జాబ్ పోద్ది."

అరిచా. షెడ్లలో వాళ్ళు సుత్తులు ఆపి చూశారు. తను పైకెళ్ళిపోయింది.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళేముందు బస్టాప్‌లో చాలాసేపు కూర్చున్నా. తన పేరు చెప్తే ఇక నాకు తనుండదు. చెప్పకపోతే ఇంకెవరి అమ్మమ్మకో ఫోన్ వెళ్తుంది, ఆవిడ వెంటనే పంపేస్తుంది. వెళ్ళి చెప్పా.

లేడీ కానిస్టేబుల్ నా ఫోన్ తిరిగిస్తూ, "ఆ అమ్మాయితో చాట్ డిలీట్ చెయ్యకమ్మా. బ్లాక్ కూడా చెయ్యకు. కేసుకి కావాలి," అంది.

ఆఫీసుకి తాళం పడింది. తను బెయిల్ మీద బయటికొచ్చిందంట. ఇవాళ సిటీ బస్సులో ఫోన్ చూస్తుంటే తన పేరు కింద ఆన్‌లైన్ అనుంది. చూస్తూ కూర్చున్నా. నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.