ఇల్లు మారుతూ తిరిగిన గొర్రెపిల్ల

ఈ పొద్దున వంటింట్లోంచి మైదా బంక ఉడుకుతున్న వాసన వచ్చింది. మీకూ గుర్తుందా, క్రిస్మస్‌కి గ్రీటింగ్ కార్డులు పంపుకున్న కాలం? రెంటచింతలలో మా అమ్మ కొత్తవి కొనేది కాదు. నిరుడు వచ్చిన కార్డుల బొమ్మలు కత్తిరించి, అట్టలకు అంటించి, వేరేవాళ్లకు పంపేది. ఒకసారి మాచర్ల మేనత్త పంపిన గొర్రెపిల్ల బొమ్మ పొరపాటున ఆమెకే వెళ్లింది.

పండగనాడు అత్త దాన్ని పట్టుకుని బస్సు దిగింది. "మీ ఇంట్లో మేత చాల్లేదేంది వదినా? నా గొర్రెపిల్ల ఇంటికొచ్చేసింది!"

అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అత్త పడీపడీ నవ్వింది. మరుసటేడు అదే బొమ్మను మళ్లీ మాకు పంపింది. అప్పటినుంచీ అది రెండిళ్ల మధ్యా తిరుగుతూనే ఉంది.

మొన్న వేసవిలో అత్త పోయింది.

ఈ పొద్దున బంక గిన్నె చూసి, "ఇంకెవరికమ్మా?" అన్నాను.

చెవి చిరిగిన గొర్రెపిల్లకు బంక రాస్తూ అమ్మ అంది, "మీ అత్త కూతురికి. ఈ ఏడు వంతు మనదేరా."