మూడు ఇరవై ఫోను

1978లో నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ట్రంకు ఆపరేటర్‌ను. ఇల్లు హుస్సేనీ ఆలంలో. ఆ జూన్‌లో కౌన్సెలింగ్ సైకాలజీ ఎం.ఏ.కు అప్లికేషన్ పెట్టిన. ఫారంలో చివరి ప్రశ్న: ఎవరి బాధనైనా మీరు ఓపికగా విన్న సందర్భం రాయండి.

ఒకామె ఫోన్లను లెక్కపెట్టుకున్న నోట్‌బుక్కు ముందు పెట్టుకుని రాసిన. ఏప్రిల్ నుంచి అరవై ఒక్క ఫోన్లు, అన్నీ మధ్యాహ్నం మూడు ఇరవైకే. ఆ టైంకు తోటివాళ్లు చాయ్‌కు పోయేవాళ్లు. బోర్డు మీద నేనొక్కదాన్నే. వేరే ఊరికి ట్రంకు కాల్ కావాలంటే ముందు సొంత నంబర్ చెప్పాలి. మొదటిరోజు ఆమె మొఘల్‌పురా నంబరొకటి చెప్పింది. ఏ ఊరు కావాలో మాత్రం చెప్పలేదు.

"అక్కా, నా ఆవాజ్ వస్తుందా?"

"వస్తుందమ్మా. ఏ ఊరు?"

రిసీవర్ మీద వేలితో కొట్టినట్టు టక్, టక్. తర్వాత పెట్టేసింది. రోజూ అంతే. ఊరు చెప్పకపోతే రూలు ప్రకారం వెంటనే కట్ చేయాలి. నేను చేయలేదు.

ఇంటర్వ్యూ మంగళవారం పడింది. సెలవు పెట్టి పోయిన. ప్రొఫెసరమ్మ నా కాగితం చదివి, కళ్లద్దాలు తీసి అడిగింది.

"మరి ఇయ్యాల ఎవరు ఎత్తుతున్నరమ్మా?"

గోడ గడియారం చూసిన. మూడు ఇరవై రెండు. నేను ఎవరికీ చెప్పి రాలేదు.

బుధవారం ఫోన్ రాలేదు. గురువారం, శుక్రవారం కూడా రాలేదు. శనివారం రిజిస్టర్‌లో అడ్రస్ చూసి మొఘల్‌పురా పోయిన. అట్ల చూడటం నేరమని తెలుసు. ఒక ముసలాయన తలుపు తీసిండు.

"ఎక్స్‌చేంజి నుంచి వచ్చిన. మీ ఫోన్ ఖరాబయిందా?"

"ఖరాబయ్యేటందుకు వాడితేగా! తాళం కనిపిస్తలేదా? ఆర్నెల్లాయె ఎవ్వరు ముట్టక."

డయల్‌కు చిన్న తాళం ఉంది. దాని మీద దుమ్ము. కానీ రిసీవర్ కింది రెండు బటన్లు అద్దంలా మెరుస్తున్నయి. వాటిని లెక్కప్రకారం నొక్కితే, డయల్ తిప్పకుండానే నంబర్ కలుస్తుంది. ఆ ఉపాయం మా ఆపరేటర్లకు బాగా తెలుసు.

"ఇంట్ల ఆడవాళ్లు లేరా?"

"నేనొక్కన్నే. ఏంది, జనాభా లెక్క గిట్ల రాస్తున్నవా?"

లోపలి గదికి పరదా ఉంది. గాలి లేదు, అది కదలలేదు. నా గడియారంలో మూడు ఇరవై. పరదా దిక్కు తిరిగి గట్టిగా అన్న.

"ఆవాజ్ వస్తుందమ్మా."

పరదా వెనక నుంచి చెక్క మీద టక్, టక్.

"పిల్లి," అన్నడు ముసలాయన. కర్ర పొడుచుకుంటా తలుపు దాకా నా వెనకే వచ్చిండు.

సోమవారం నుంచి మళ్లీ ఫోన్ రావడం మొదలయింది. ఆ వారంలోనే సీటొచ్చినట్టు ఉత్తరం వచ్చింది. క్లాసులు రెండు నుంచి అయిదు. ఆ ఏడు చేరలేదు.

1979లో మళ్లీ అప్లికేషన్ పెట్టిన. అదే ప్రొఫెసరమ్మ, ఇయ్యాల ఎవరు ఎత్తుతున్నరని అదే ప్రశ్న.

"నా పక్క సీటామె, మేడమ్. రెండు టక్కుల దాకా ఆగాలని నేర్పి వచ్చిన."

సాయంత్రం ఆమెను అడిగిన.

"ఫోన్ వచ్చిందక్కా. ఆవాజ్ వస్తుందని చెప్పిన. కానీ రెండంటివి గదా, నాకు మూడు వినబడ్డయి. మూడోది కొంచెం దూరం నుంచి, కర్ర పొడిచినట్టు."

నోట్‌బుక్కులో మూడు అని రాసుకున్న. ఆ తర్వాత ఆ నంబర్ నుంచి ఫోన్ రాలేదు.