దండ తీసిందెవరు?

కిందటి నెల ఒక గురువారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "పాపా, పక్కింటి పెద్దమ్మ పోయింది. టీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే." నేను నెల్లూరులో స్టూడియోలో కూర్చుని ఎవరిదో పెళ్ళి వీడియో ఎడిటింగ్ చేస్తున్నాను. తెరమీద అక్షింతలు పైకి లేచి గాలిలో ఆగిపోయాయి. ఏడుపు రావాలి. వచ్చింది కూడా, కాస్త ఆలస్యంగా. అంతకంటే ముందు వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, మీ దగ్గర దాచడమెందుకు? అయ్యో, ఆ దండ సంగతి ఇక నాకెవరు చెబుతారు అనుకున్నాను.

పెద్దమ్మ అన్నానని చుట్టరికం అనుకునేరు. మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ, అంతే. తోటపల్లి గూడూరు మండలంలో సముద్రాన్ని ఆనుకున్న ఊరు మాది. రెండిళ్ళ మగవాళ్ళూ వేటకు పోయేవాళ్ళే. అమ్మ నన్ను కన్నదే గానీ అన్నం తినిపించింది సగం పెద్దమ్మే. ఆమె మొగుణ్ణి పెద్దనాయన అంటాను.

ఆమెలాంటి అనుమానం మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. సొంత మొగుడు సొంత బోటులో తెచ్చిన చేపకు కూడా మొప్ప ఎత్తి చూసేది. కొబ్బరికాయ కొనేముందు చెవి దగ్గర పెట్టుకుని అంతసేపు ఆడించేది, కొట్టువాడు పక్క బేరం ముగించుకుని వచ్చేవాడు. నేను నెల్లూరు నుంచి ఫోన్ చేస్తే, "నువ్వేనా? ఏదీ, మీ నాయన పేరు చెప్పు," అనేది. ఎవరు ఎంత చెప్పినా చివర ఆమె అడిగే మాట ఒకటే: "అది సరే, అసలు సంగతేంది?" అనారోగ్యం కబురు చెప్పినా అదే ప్రశ్న, పెళ్ళి కబురు చెప్పినా అదే. చిన్నప్పుడు నేను స్కూల్లో పెన్ను పారేసుకుని ఎవరో తీశారని కథ అల్లితే, ఆ ఒక్క ప్రశ్నతో నాచేత నిజం కక్కించింది. ఈ రోజు నేను ఒక వీడియో చూసి ఎక్కడ అతుకు పడిందో పట్టుకోగలుగుతున్నానంటే ఆ కన్ను ఆమె పెట్టిందే. ఆ అనుమానానికి ఒకే ఒక్క మినహాయింపు ఉండేది. పెద్దనాయన వేటకు బయల్దేరినప్పుడు మాత్రం ఏ ప్రశ్నా వేసేది కాదు. బోటు కనుమరుగయ్యేదాకా చీపురు ముట్టేది కాదు, ఎవరైనా పలకరించినా బదులు చెప్పేది కాదు.

ఇక సినిమా సంగతి. కొన్నేళ్ళ కిందట నేను ఒక సినిమాకు అసిస్టెంట్ డైరెక్టరుగా పని చేశాను. అదే మొదలు, అదే చివర. నా పని కంటిన్యుటీ చూడటం. ఒకే సీనును ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి, గంటల తేడాతో తీస్తారు గదా. మొదటి షాటులో హీరో గ్లాసులో సగం నీళ్ళుంటే, సాయంత్రం తీసే షాటులోనూ సగమే ఉండాలి. అది చూసుకునే మనిషిని నేను. ఫోన్లో ఫోటోలు తీసుకుంటూ, నోటుబుక్కులో రాసుకుంటూ తిరిగేదాన్ని.

అది ఇంటిల్లిపాదీ చూసే కామెడీ సినిమా. ఒక తాతయ్య చనిపోతాడు. హాల్లో ఆయన ఫోటో ఉంటుంది. ఇంట్లో ఎవరు అబద్ధమాడినా ఆ ఫోటో పక్కకు ఒరుగుతుంది. సముద్రం పక్కన ఇల్లు కావాలన్నారు. నేను ఎగిరి గంతేసి మా ఊరు, మా ఇల్లు అని చెప్పాను. ఫోటోకు మంచి మీసాలున్న ముసలాయన కావాలన్నారు. మీసమంటే మా పెద్దనాయనదే. పెద్దమ్మ దగ్గరకు వెళ్ళి ఆయన ఫోటో అడిగి తెచ్చుకున్నాను. దానికి గంధపు దండ వేసి, కుంకుమ బొట్టు పెట్టి, కెమెరా ఫ్రేములో పడాలని గోడకు బాగా కిందికి దించి కొట్టారు. ఆర్ట్ డిపార్టుమెంటు అతను కిటికీ బయట నిలబడి, ఫోటోకు కట్టిన దారం లాగేవాడు.

ఆ సీనులో కూర్చునే బంధువులంతా మా ఊరి ఆడవాళ్ళే. పెద్దమ్మను ఫోటో కింద బల్లమీద కూర్చోబెట్టి, "కదలొద్దమ్మా," అన్నాడు డైరెక్టరు. "కమెడియన్ అబద్ధం చెప్పగానే అందరూ నవ్వాలి," అని కూడా అన్నాడు. రెండు రోజులు తీశారు ఆ ఒక్క సీనును. ఆ రెండు రోజులూ నేను కమెడియన్ చేతిలోని లడ్డూ మీద, ఆయన చొక్కా గుండీల మీద కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి షాటుకు ముందూ నేను తీసిన ఫోటోల్లో దండ చక్కగా గోడమీద ఉంది.

సినిమా విడుదలయ్యాక చూస్తే, ఒక షాటులో దండ ఉంది, మరుసటి షాటులో లేదు. మళ్ళీ ఉంది, మళ్ళీ లేదు. బొట్టు ఒకసారి గుండ్రంగా, ఒకసారి చెరిగిపోయి, ఒకసారి అసలే లేదు. సినిమాల్లో తప్పులు వెతికి యూట్యూబులో పెట్టే కుర్రాళ్ళుంటారే, వాళ్ళకు పండగైపోయింది. "తాతయ్య పోయాడు, తాతయ్య వచ్చాడు, తాతయ్య మళ్ళీ పోయాడు" అని సంగీతం కూడా జోడించారు. డైరెక్టరు ఫోన్ చేసి ఒకే మాటన్నాడు: "మీ ఊళ్ళో, మీ ఇంట్లో, ఒక దండను చూసుకోలేకపోయావా అమ్మా?" తర్వాతి సినిమాకు నన్ను పిలవలేదు. ఇంకెవరూ పిలవలేదు.

అప్పటినుంచి నా బతుకంతా ఒకటే ప్రశ్న. ఆ దండ తీసిందెవరు?

మొదట సముద్రం గాలిని అనుమానించాను. ఆకు కూడా కదలని ఎండపూట తీసిన సీనది, గాలెక్కడిది? తర్వాత కమెడియన్‌ను అనుమానించాను, ఆయనకు అందరినీ ఆటపట్టించే అలవాటుంది. మా అమ్మను కూడా వదల్లేదు. "నా ఇల్లు తుడుచుకోవడానికే తీరిక లేదు, ఫోటోలతో నాకేంటే పని?" అని ఉతికి ఆరేసింది. చివరికి ఆర్ట్ డిపార్టుమెంటు అతని నంబరు సంపాదించి అడిగితే, అసలు సంగతి బయటపడింది. "దారం లాగినప్పుడు ఊడి పడేదేమో మేడమ్. లోపలికొచ్చి చూస్తే దండ కింద ఉండేది. మీరు తిడతారని చెప్పకుండా మళ్ళీ తగిలించి, బొట్టు దిద్దేవాణ్ణి. విచిత్రమేంటంటే, ప్రతిసారీ ఆ పెద్దమ్మగారి ఒళ్ళోనే పడేది."

ప్రతిసారీ ఒళ్ళోనే! ఎవరి చెవిలో పువ్వు పెడతారు?

ఆ వారమే ఊరికి పోయాను. పెద్దమ్మ వాకిట్లో వంజరం చేప కోస్తోంది.

"పెద్దమ్మా, షూటింగులో దండ నువ్వే తీసినావా?"

"ఏ దండ?"

"పెద్దనాయన ఫోటో మీద దండ."

"నన్ను కదలొద్దని చెప్పింది మీ డైరెక్టరే గదా పాపా. కదల్లా."

"మరి నీ ఒళ్ళోకెట్ట వచ్చింది?"

"పడింది. పడితే నన్నేం చెయ్యమంటావు, పోయి దండనడుగు."

కత్తి ఆపలేదు, తల ఎత్తలేదు. అబద్ధం చెప్పేవాళ్ళు తల ఎత్తరని నాకు నేర్పింది ఈవిడే గదా అనుకున్నాను.

ఆ తర్వాత నా అనుమానం ముదిరింది, కారణముంది. ఆ సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా పెద్దమ్మ మా ఇంటికొచ్చి కూర్చునేది. అందులో తప్పులు ఆమె పట్టినట్టు యూట్యూబు కుర్రాళ్ళు కూడా పట్టలేదు. "పొద్దు సముద్రంలో గుంకతా ఉండాదే! మన ఊర్లో పొద్దు సముద్రంలో పుడతాది గానీ గుంకుతాదా?" అనేది. నిజమే, పొద్దున తీసిన దాన్ని సాయంత్రమని వాడుకున్నారు. "శ్రీహరికోట మనకు దక్షిణాన గదా. వీళ్ళ రాకెట్టు ఉత్తరాన కావలి తట్టునుంచి లేస్తా ఉండాదేంది?" అనేది. "బుట్టలో తెచ్చింది వంజరం, బాణలిలో పడింది చందువా. దోవలో ఎవరు మార్చినారో?" అని పడీపడీ నవ్వేది. కమెడియన్ నీళ్ళలో పడి గడప దాటేలోపల చొక్కా ఆరిపోవడం, గడియారం వెనక్కి తిరగడం, అన్నీ ఆమె కంట్లో పడ్డాయి. అయితే ఫోటో సీను దగ్గరకు రాగానే లేచేది. "పొయ్యిమీద పాలు పెట్టినా," అని వెళ్ళిపోయేది. ఒకరోజు గోడమీదుగా తొంగి చూశాను. పొయ్యి వెలిగించి లేదు, పాలూ లేవు. వెనక వాకిట్లో ఊరికే నిలబడి ఉంది.

అయినా మా ఇద్దరి మధ్య మాట ఆగలేదు. నేను ఎప్పుడు ఊరికెళ్ళినా పీతల పులుసు పంపేది. నేను తినేదాన్ని, తింటూ ఆమెను అనుమానించేదాన్ని. ఎందుకు చేసి ఉంటుంది? నేను సినిమాల కోసం హైదరాబాదుకు పోవడం ఇష్టం లేకనా? నా మీద ఈర్ష్యా? ఛీ, పీతల పులుసు పంపిన మనిషి గురించి ఆలోచించాల్సినవేనా ఇవి? ఆలోచించాను. ఏళ్ళ తరబడి ఆలోచించాను.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యి జనం పలచబడ్డాక పెద్దనాయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మీసం తెల్లబడింది, మనిషి సగమయ్యాడు.

"దండ తీసింది మీ పెద్దమ్మే పాపా," అన్నాడు. "నీ పని పోయినాక నీకు చెప్పేదానికి మొహం చెల్లక, తానుండంగా చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకునింది. ఇప్పుడు లేదు గదా, చెప్తా ఉండా."

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"ఆ రోజు నేను వేటకు పోయినా గదా. సాయంత్రం రాంగానే చెప్పింది, అందరూ ఆ నవ్వించేవాణ్ణి చూస్తా ఉండంగా నీ దండ తీసేసి బొట్టు తుడిచినానని. నేను తిట్టినా. అది ఆ బిడ్డ పనే, దాని పొట్ట కొడతావా, పోయి చెప్పు అన్నా. మీ గడపదాకా వచ్చింది. మళ్ళా తిరిగొచ్చేసింది. ఏమే అంటే, 'చెప్తే రేపు ముట్టుకోవద్దంటాది. సరే అని ఆ బిడ్డకు అబద్ధమెట్ట చెప్పేది? రేపూ నువ్వు వేటకు పోతావు గదా, తియ్యకుండా ఎట్టుండేది' అనింది."

ఇందాక మీకు కథ చెబుతూ ఒక మాట దాటేశాను, ఇప్పుడు చెబుతాను. ఫోటో అడగడానికి వెళ్ళిన రోజు పెద్దమ్మ నన్ను అడిగింది, "ఎందుకు పాపా?" అని. "ఇంటి పెద్ద ఫోటో గోడమీద పెడతాం పెద్దమ్మా," అన్నాను. "అది సరే, అసలు సంగతేంది?" అంది. "అంతే పెద్దమ్మా, ఇంకేం లేదు," అన్నాను. దండ వేస్తామని చెబితే ఆమె ఫోటో ఇవ్వదని నాకు తెలుసు. తెలిసే దాచాను. షూటింగు రోజు పొద్దున పెద్దనాయన బోటు తోయడం నా కళ్ళతో చూశాను. చూసి ఇంట్లోకొచ్చి, నోటుబుక్కులో నా చేత్తో రాసుకున్నాను: చనిపోయిన తాత ఫోటో, గంధపు దండ, కుంకుమ బొట్టు. మనిషి బతికుండగా, అదీ సముద్రం మీద ఉండగా, ఆయన ఫోటోకు దండ వేయించింది నేను. గాలిని అనుమానించాను, కమెడియన్‌ను అనుమానించాను, కన్నతల్లిని అనుమానించాను. నావైపు ఒక్కసారి కూడా చూసుకోలేదు. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు. పెద్దనాయన కాళ్ళు పట్టుకున్నాను.

"లే పాపా, లే. నాకేమయింది, గుండ్రాయిలా ఉండా," అన్నాడాయన. నన్ను లేపి మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ సినిమా నీ ఫోన్లో ఉండాదా? మీ పెద్దమ్మ కనిపించేది పెట్టు," అన్నాడు.

పెట్టాను. ఆ సీనును నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసినన్నిసార్లూ గోడనే చూశాను. ఈసారి గోడ కింద, బల్లమీద, ఆకుపచ్చ నూలు చీరలో కూర్చున్న మనిషిని చూశాను. దండ ఉన్న షాటులో చుట్టూ అందరూ నవ్వుతున్నారు, పెద్దమ్మ నవ్వడం లేదు. రెండు చేతులూ ఒళ్ళో బిగించి వాకిలి వైపే చూస్తోంది. దండ లేని షాటులో కొంగు ఒళ్ళో ఉబ్బెత్తుగా ఉంది, ఆమె హాయిగా పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. మళ్ళీ దండ, మళ్ళీ బిగిసిన మొహం. మళ్ళీ దండ లేదు, మళ్ళీ నవ్వు. సినిమా అంతటికీ పెద్ద తప్పు అదే. అది పట్టుకోవాల్సిన దాన్ని నేను.

"ఆడ ఆపు పాపా," అన్నాడు పెద్దనాయన.

నవ్వు దగ్గర ఆపాను. ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపటికి వెలుగు తగ్గి ఆరిపోబోయింది. వేలితో తాకాడు, మళ్ళీ వచ్చింది. వంటపాత్రలు తీసుకుపోయేవాళ్ళు వచ్చి పిలిచినా లేవలేదు. తెర ఆరిపోబోయినప్పుడల్లా తాకుతూ అట్లాగే కూర్చున్నాడు.